తోవరి ఏ మెట్టు మీద కూర్చోవాలి?

ముసుగు వేసుకున్న మనిషిని నమ్మకూడదని మనకు చిన్నప్పటి నుంచి చెబుతూ వచ్చారు. అది శుద్ధ తప్పు. నమ్మితే ముసుగు వేసుకున్నవాడినే నమ్మాలి. ముఖం కనబడేవాళ్ళ వల్ల మనకు ఇంతవరకు ఒరిగిందేమిటి?

అలా చూడకండి. నిదానంగా నిరూపిస్తాను.

‘నీలికోట’ సినిమాలు మీరు చూసే ఉంటారు. చూడకపోయినా ఫరవాలేదు. మీ ఇంట్లో ఎవరో ఒకరు చూసి వచ్చి, కథంతా మీకు చెప్పి, మీరు సరిగ్గా వినలేదని అలిగే ఉంటారు. ఒక కుర్రవాడు నీలికోటను వెతుక్కుంటూ బయలుదేరతాడు. మూడు భాగాలు అయిపోయినా ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. అతనికి దారి చూపించే ముసుగు మనిషి పేరు తోవరి. ముఖానికి బూడిదరంగు గుడ్డ, దాని కింద నుంచి తెల్లగడ్డం, ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో లాంతరు. మాటలు బహు తక్కువ. “ముందు గొయ్యి ఉంది” అంటాడు. “ఎడమకు తిరుగు” అంటాడు. “ఆ నీళ్ళు తాగకు” అంటాడు. మూడు సినిమాల్లోనూ ఆయన నోటి నుంచి వచ్చిన పనికొచ్చే మాటలు ఇవే. అయినా, మిగతా పాత్రలందరూ కలిసి చెప్పినవాటి కంటే ఇవే ఎక్కువ.

మరి తోవరి ఎవరు?

ఈ ఒక్క ప్రశ్న మీద ఎన్ని యూట్యూబ్ ఛానెళ్ళు సంసారాలు ఈదుతున్నాయో మీకు తెలియదు. చనిపోయాడనుకున్న తండ్రే అని కొందరు. అసలు విలనే ఇలా వచ్చాడని కొందరు. ఆ కుర్రవాడే ముసలివాడై కాలంలో వెనక్కి నడిచి వచ్చి తనకు తానే దారి చెప్పుకుంటున్నాడని ఇంకొందరు. ఈ చివరి సిద్ధాంతం విన్నప్పుడు నాకు తల తిరిగి, కాసేపు ఫ్యాను కింద కూర్చున్నాను. ఇంతలో గన్నవరం ఎయిర్‌పోర్టు రోడ్డు పొడుగునా హోర్డింగులు వెలిశాయి. ‘నాలుగో భాగంలో ముసుగు తీస్తున్నాం. విజయదశమికి.’

తీయవద్దని నా మనవి. అప్పుడూ అదే మనవి, తీసేశాక ఇప్పుడూ అదే మనవి.

కారణం మన ఊళ్ళ మర్యాదలో ఉంది. బెజవాడ బస్టాండులో బస్సెక్కి ఎవరి పక్కనైనా కూర్చోండి. బెంజి సర్కిల్ దాటకముందే “మీదే ఊరండి?” అని వస్తుంది. పామర్రంటే పామర్రులో ఎక్కడని వస్తుంది. తరవాత ఇంటిపేరు. ఇంటిపేరుతో పని జరగకపోతే, “ఫలానా వారు మీకేమవుతారండి?” అని పక్క నుంచి తలుపు తోస్తారు. ఉయ్యూరు వచ్చేసరికి మీరు ఎవరో, ఏమిటో, మీతో ఎంత దగ్గరగా కూర్చోవచ్చో తేలిపోతుంది. ఇదంతా ‘అండీ’లతో, ‘గారు’లతో, మీ చేతిలో రెండు వేరుశనక్కాయలు పెట్టి మరీ జరుగుతుంది. ఇంత మర్యాదగా ఆరా తీసేవాళ్ళు భూమండలం మీద ఇంకెక్కడైనా ఉన్నారా?

అలాంటి మన మధ్య ఇంటిపేరు చెప్పకుండా మూడు భాగాలు గడిపినవాడు తోవరి. ఆయనకున్న మహిమల్లో నన్ను అడిగితే ఇదే పెద్దది.

ఇక భానుమూర్తి గారి సంగతికి వస్తాను.

భానుమూర్తి గారు ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. సత్యనారాయణపురంలో అపార్ట్‌మెంటు, మొదటి అంతస్తు. పూజ కానిదే కాఫీ ముట్టరు. కొంతకాలంగా రెండు కళ్ళలోనూ శుక్లాలు. మనుషులు పొగమంచులో నిలబడ్డట్టు కనిపిస్తారు. వేసవిలో అమ్మవారి కొండ దిగుతూ కాలు జారారు. దెబ్బ చిన్నదే, భయం మాత్రం పెద్దది. అప్పటి నుంచి మెట్టు కనబడితే ఆయన గుండె ముందు దిగుతుంది, కాలు తరవాత దిగుతుంది. ఆపరేషన్ దసరా వెళ్ళాక చేస్తామన్నారు. ఆ లోపల ఎక్కడా పడకుండా ఉంటే చాలునన్నది ఆయన ఏకైక కోరిక.

ఆయన భార్య రమాసుందరి గారు పెట్టే బొమ్మల కొలువు ఆ వీధిలో పేరున్నది. ఏడు మెట్లు. అత్తగారు నేర్పిన వరస. పైన అమ్మవారి కలశం. దాని కింద దశావతారాలు, ఆ కింద ఋషులు, గురువులు. తరవాత రాజులు, తరవాత పెళ్ళివారు, మేళగాళ్ళు. ఆరో మెట్టు మీద శెట్టిగారి దంపతులు, కూరల బండి. అన్నిటికంటే కింద జంతువులు, ఒక మూల మహిషాసురుడు. ఆ ఇంట్లో మనుషులు ఎక్కడైనా కూర్చోవచ్చు గాని, బొమ్మలకు ఆ స్వేచ్ఛ లేదు.

ఏటా ఒక్క కొత్త బొమ్మనైనా కొలువులో చేర్చడం ఆనవాయితీ. పోయినేడు అగస్త్యుడు చెయ్యి జారి పగిలాడు. అందుకని ఈసారి ఒక ఋషిని తెమ్మని రమాసుందరి గారు భర్తను కొండపల్లి పంపారు.

కొట్లో ఆయన అడిగింది ఇంతే. “అమ్మా, గడ్డం ఉన్నాయన కావాలి. దారి చూపించే గురువులాంటి ఆయన.”

“ఇదుగోండి బాబాయ్ గారూ. దారి చూపించేది ఈయనే. ఈ ఏడు అందరూ ఈయన్నే పట్టుకెళ్తున్నారు” అని కొట్టు ఆవిడ ఒక బొమ్మను చేతిలో పెట్టింది. భానుమూర్తి గారు తడిమి చూశారు. గడ్డం ఉంది. దండం ఉంది. రెండో చేతిలో కమండలంలాంటిదేదో ఉంది. అది లాంతరని ఆయన వేళ్ళకు తెలియలేదు. ముఖం మసకగా ఉందంటే, ఆ రోజుల్లో ఆయనకు అందరి ముఖాలూ అంతే.

“ఏ ఋషమ్మా ఈయన?”

“ఎవరైతేనేం బాబాయ్ గారూ, ఏ మెట్టు మీద పెట్టినా అదే రేటు.”

తిరుగు బస్సులో ఆయన బొమ్మను ఒళ్ళో పెట్టుకున్నారు. ఇబ్రహీంపట్నం దగ్గర డ్రైవరు గట్టిగా బ్రేకు వేసినప్పుడు, బొమ్మను రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుని మొక్కుకున్నారు. “స్వామీ, ఆపరేషన్ అయ్యేదాకా ఎక్కడా పడకుండా నడిపించు. నా చూపు నాకు రానియ్యి. నీ క్షేత్రం ఎక్కడున్నా వచ్చి దర్శనం చేసుకుంటాను.”

మొక్కగానే ఆయన మనసు తేలికపడింది. ఇంటికి రాగానే రమాసుందరి గారు ఆచారం ప్రకారం గుమ్మంలోనే బొమ్మకు బొట్టుపెట్టి హారతి ఇచ్చారు. ఆ హారతి పొగ పోకముందే భానుమూర్తి గారి తమ్ముడి కూతురు సంయుక్త బ్యాంకు నుంచి వచ్చింది. వీళ్ళింట్లోనే ఉండి ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల.

“పెదనాన్నా, తోవరిని తెచ్చారా?”

“తోవరి ఎవరమ్మా? ఏ పురాణంలో?”

“నీలికోటలో.”

ఆ పురాణం విన్నాక భానుమూర్తి గారు కుర్చీలో కూలబడ్డారు. ఆయన బెంగ బొమ్మ గురించి కాదు. మొక్కు ఎవరికి చేరిందన్నది ఆయన బెంగ. దేవుడికి మొక్కితే దేవుడు వింటాడు. ఋషికి మొక్కితే ఋషి వింటాడు. ముసుగు కింద విలన్ ఉంటే? కళ్ళు బాగుపడాలని, పడకుండా నడిపించాలని ఆయన ఇన్నేళ్ళ భక్తిని పోగుచేసి ఒక రాక్షసుడి చేతిలో పెట్టి వచ్చారా? తీరా చూపు వచ్చాక, వెళ్ళి ఎవరి దర్శనం చేసుకోవాలి?

“వెనక్కి ఇచ్చేసి రండి” అనలేకపోయారు రమాసుందరి గారు. హారతి ఇచ్చాక బొమ్మ ఇంటి మనిషే. “ఇచ్చింది ఇచ్చాం. కూర్చోబెట్టడానికి మెట్టేదో చెప్పండి” అన్నారు.

చిక్కంతా అక్కడే ఉంది. ముసుగు కింద దేవుడైతే రెండో మెట్టు. గురువైతే మూడోది. రాజైతే నాలుగు. ఎవరో తెలిస్తే గాని ఎక్కడ కూర్చోవాలో తెలియదు. మన దేశంలో ఈ సూత్రం బొమ్మలకే వర్తిస్తుందని మీరు అనుకుంటే నేను కాదనను.

పాడ్యమి నుంచి పేరంటం మొదలైంది. వచ్చినవాళ్ళు అమ్మవారికి దణ్ణం పెట్టడం, శనగలు అందుకోవడం, తోవరిని జరపడం. మొదట సంయుక్తే రాజుల మధ్య నిలబెట్టింది, ఆ కుర్రవాడి తండ్రి అయిన రాజే అన్న నమ్మకంతో. సాయంత్రానికి రెండో అంతస్తు మాణిక్యం గారు వచ్చారు.

“ఆ గొంతు విన్నారా వదినగారూ? మనుషుల గొంతా అది? మాటొచ్చే ముందు శంఖం మోగుతుంది. దేవుడే” అని ఆవిడ తోవరిని ఎత్తి రాముడికీ బలరాముడికీ మధ్య ఇరికించారు. అవతారాలు పదకొండయ్యాయి. మర్నాడు నాలుగో అంతస్తు ఆవిడ, “అయ్యో, మీరు చివరి సీను సరిగ్గా చూళ్ళేదు. కాళ్ళకు నీడ పడదు. విలనే” అని తీసుకెళ్ళి మహిషాసురుడి పక్కన పెట్టింది. ఆ మర్నాడు ఎవరో జాలిపడి కూరల బండి దాకా పైకి తెచ్చారు.

మాణిక్యం గారి భర్త రామకోటేశ్వరరావు గారికి కైకలూరు వైపు చేపల చెరువులు. ఆయన బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. “మూర్తిగారూ, ఆ నడక చూశారా సినిమాలో? కాలు తీసి కాలు వెయ్యడం? అది చెరువు గట్టు మీద అలవాటైన నడక. మా వైపు మనిషి.”

“అది మంచుకొండ కదండీ” అన్నారు భానుమూర్తి గారు.

“కొండైతేనేం, నడక నడకే. నేను చెబుతున్నా చూడండి, మనవాడే” అని ఆయన తోవరిని పెళ్ళివారిలో ఆడపెళ్ళివారి తరఫు పెద్దగా నిలబెట్టి వెళ్ళారు.

ఎదురు ఫ్లాటు హెలెన్ గారు ఒక్కరే బొమ్మను కదపలేదు. ఆవిడ స్కూల్లో లెక్కలు చెబుతారు. శనగలు తీసుకుంటూ, “రమాసుందరి గారూ, మా క్రిస్మస్ పాకలో గొర్రెల కాపరికి కాలు విరిగిందండి. డిసెంబరుకి ఈయన్ని కాస్త అప్పిస్తారా? లాంతరు కూడా ఉంది” అని అడిగారు. రమాసుందరి గారు తప్పకుండా అన్నారు. ఆ బొమ్మ ఎవరైనా తీసుకెళ్తే చాలునన్నట్టుంది అప్పటి ఆవిడ స్థితి.

“పెళ్ళిలో పిలవని చుట్టంలాగా మెట్టు మెట్టుకీ తిరుగుతున్నాడండీ” అని రాత్రి భోజనాల దగ్గర భర్తతో అన్నారు. “అత్తయ్యగారి వరసంతా పాడైపోయింది. ఇవాళ బలరాముడి నాగలి విరిగింది. మీ మొక్కు సంగతేమో గాని, నా కొలువు నవ్వులపాలైంది.”

భానుమూర్తి గారు దత్తాత్రేయ శర్మ గారి దగ్గరికి వెళ్ళారు. వాళ్ళ ఇంటి పురోహితుడు. సంగతి చెప్పి, మొక్కు చేరడానికి తోవరి పేరున ఒక అర్చన చేయించమన్నారు.

“గోత్రం?” అన్నారు శర్మ గారు.

“తెలియదు.”

“తెలియనివాళ్ళకు కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చు. నక్షత్రం?”

“నాలుగో భాగంలో చెబుతారటండి.”

శర్మ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “క్షేత్రం ఎక్కడన్నారు?”

“ఏడు మంచుకొండల అవతల.”

“బస్సుందా?”

లేదన్నారు భానుమూర్తి గారు. శర్మ గారు చాలాసేపు ఆలోచించి, మొక్కిన మొక్కు మొక్కినవాడిదేనని, అవతల విన్నదెవరో అవతలివారి వ్యవహారమని, చిరునామా తెలిసేదాకా వాయిదా వేయడంలో దోషం లేదని తేల్చారు. భానుమూర్తి గారికి ఇందులో ఒక్క మాటే నచ్చలేదు. విన్నదెవరో తెలియకుండా ఎలా ఉండటం? మనం ఫోను చేసినా అవతల ఎవరో కనుక్కుని గదా మాట్లాడేది?

అందుకని ఏ సినిమా చూసి ఎన్నేళ్ళయిందో గుర్తులేని మనిషి, విజయదశమి మధ్యాహ్నం గాంధీనగర్‌లో ఒక థియేటరుకు బయలుదేరారు. సంయుక్త టికెట్లు తీసింది. రామకోటేశ్వరరావు గారు కూడా వచ్చారు, తన మనిషిని చూసుకోవడానికి. రమాసుందరి గారు రాలేదు. సాయంత్రం కొలువుకు చివరి హారతి ఇవ్వాలి. “ఎవరో తెలుసుకుని రండి. బొమ్మను పడుకోబెట్టి కొలువు ముగించే ముందైనా ఆయన్ని ఆయన మెట్టు మీద పెడతాను” అన్నారు గుమ్మంలో.

సినిమా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. చివరికి కుర్రవాడు ఒక గుహలో నిలబడ్డాడు. ఎదురుగా రెండు ద్వారాలు. ఒకటి నీలికోటకు, ఒకటి అగాధానికి. ఏది ఎటో తోవరి ఒక్కడికే తెలుసు. మూడు భాగాలు, అన్ని కొండలు, ఏనుగుల మీద అంత సైన్యం, ఇదంతా ఆ ఒక్క మాట కోసమే. తోవరి లాంతరు కింద పెట్టాడు. ముసుగు మీద చెయ్యి వేశాడు. ముసుగు తీశాడు. నోరు తెరిచి దారి చెప్పాడు.

ఏం చెప్పాడో ఎవరికీ వినబడలేదు.

ముసుగు కింద ఒక పేరున్న నటుడి ముఖం ఉంది. ముందే ఎవరికీ చెప్పకుండా దాచిన ముఖం. హాలు లేచి నిలబడింది. ఈలలు, చించిన కాగితాలు, ఎవరో తెరకు కొబ్బరికాయ చూపించడం. “నేను చెప్పలా మూర్తిగారూ? మనవాడే” అని రామకోటేశ్వరరావు గారు భానుమూర్తి గారి భుజం పట్టి ఊపేశారు. వెనక వరసలో ఒకాయన, “మీవాడెలా అవుతాడండీ, వాళ్ళమ్మగారిది మా ఊరైతే” అన్నాడు. ముందు వరసలో ఇంకొకాయన మొహం మాడ్చుకుని, “ఈ పాత్రకి మావాణ్ణి పెట్టుంటేనా” అన్నాడు. అక్కడి నుంచి సినిమా కింద జరిగింది. తెర మీద కుర్రవాడు ఒక ద్వారంలోకి వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో, అది ఏ ద్వారమో చూసినవాడు లేడు.

భానుమూర్తి గారికి ముఖం కనబడలేదు. తెల్లటి వెలుగులో తెల్లటి మచ్చ ఒకటి కనబడింది.

“ఏమన్నాడమ్మా? ఎటు వెళ్ళమన్నాడు?” అని ఆయన సంయుక్తను అడిగారు.

“వినపళ్ళేదు పెదనాన్నా. ఎవరో తెలుసా అసలు?” అంది సంయుక్త, చప్పట్లు ఆపకుండా.

ఆట వదిలారు. అందరూ ఒక్కసారి మీద పడ్డారు. రామకోటేశ్వరరావు గారు చుట్టాలకు ఫోన్లు చేసుకుంటూ ముందు వెళ్ళిపోయారు. సంయుక్తను జనం ఒక తలుపు వైపు తోశారు, భానుమూర్తి గారిని ఇంకో తలుపు వైపు తోశారు. ఆయన బాల్కనీ మెట్ల మొదట్లో, గోడ పట్టుకుని ఆగిపోయారు. మెట్లు చీకట్లో ఉన్నాయి. చీకటి లేకపోయినా ఆయనకు అవి మెట్లలా కాదు, ఒక బూడిదరంగు జారుడు బల్లలా కనిపిస్తాయి. వెనక నుంచి తోపుడు. ఆయన నోట్లో ఆ బస్సులో మొక్కిన మాటే మళ్ళీ వచ్చింది. ఎవరికి మొక్కుతున్నారో ఆలోచించే వ్యవధి లేకపోయింది.

అప్పుడు ఎడమ మోచేతి కింద ఒక చెయ్యి వచ్చి ఆసరాగా నిలిచింది.

“దిగండి. నేను పట్టుకున్నా” అన్నదొక గొంతు. నడివయసు గొంతు, కొంచెం బొంగురు. “ఇక్కడ మెట్టు విరిగింది. కాలు ఇటు పెట్టండి. ఎడమకి. ఇక్కడ ఎవరో కూల్‌డ్రింకు పోశారు, జారుద్ది. ఆగండి, వాళ్ళని పోనివ్వండి. ఇప్పుడు దిగండి.”

భానుమూర్తి గారు దిగారు. వేసవి తరవాత అంత ధైర్యంగా ఆయన మెట్లు దిగింది అప్పుడే. ఆ చెయ్యి తొందరపెట్టలేదు, వదలలేదు. మలుపు దగ్గర ఆగింది, ఆయన ఊపిరి తీసుకున్నాక కదిలింది. కింద వెలుతురు వచ్చింది. పక్కనున్న మనిషి ఒక నీలం చొక్కాగా, ఒక మసక ముఖంగా తోచాడు. భానుమూర్తి గారికి ఆ మనిషి మీద ప్రేమ పొంగుకొచ్చింది. అంత మేలు చేసిన మనిషిని ఒక మంచి మాట అడగకుండా ఎలా ఉంటారు? మనకు తెలిసిన మంచి మాట ఏది?

“మీదే ఊరు బాబూ?”

“కంకిపాడు దగ్గరండి.”

“ఆహా. మాకు బాగా తెలిసినవాళ్ళున్నారు అక్కడ. ఇంటిపేరు?”

చెయ్యి ఒక్క క్షణం అలాగే ఉంది. తరవాత వదులైంది. విసురుగా విడిపించుకోలేదు. మనం ఏదో బరువైన సామాను దించి వెనక్కి తీసుకున్నట్టు, మెల్లగా వెనక్కి వెళ్ళింది.

“వచ్చేశారు లెండి. ఇక ఫరవాలేదు” అన్నదా గొంతు. నీలం చొక్కా జనంలో కలిసిపోయింది.

ఇంకొక మెట్టు ఉంది. భానుమూర్తి గారు దాని మీద కూర్చున్నారు. కూర్చోవడం ఆయన ఉద్దేశం కాదు గాని, ఫలితం మాత్రం అదే. దెబ్బ తగల్లేదు. పంచెకు మట్టి అంటింది. సంయుక్త వచ్చి లేవదీసేదాకా ఆయన అక్కడే, అరచేతిని మోచేతి కింద పెట్టుకుని కూర్చున్నారు.

“పడ్డారా పెదనాన్నా? ఎవరూ పట్టుకోలేదా?”

“పట్టుకున్నాడమ్మా. నేనే అడిగాను.”

“ఏం అడిగారు?”

ఆయన పంచెకు అంటిన మట్టి దులుపుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టేవేళైంది. గుమ్మంలో రమాసుందరి గారు, వెనకాల మాణిక్యం గారు, నాలుగో అంతస్తు ఆవిడ. “ఎవరట?” అని ముగ్గురూ ఒకేసారి అడిగారు. సంయుక్త నోరు తెరిచింది. భానుమూర్తి గారు చెయ్యి అడ్డుపెట్టారు.

“ఎవరైతేనేం సుందరీ. నాకు కనబళ్ళేదు. నాకు చెప్పొద్దు కూడా.”

“మరి ఏ మెట్టు మీద పెట్టమంటారు?”

భానుమూర్తి గారు తడుముకుంటూ వెళ్ళి పెళ్ళివారిలోంచి తోవరిని తీశారు. ఏ మెట్టు మీదా పెట్టలేదు. మెట్లకు పక్కన, నేల మీద, కొలువు మొదలయ్యే చోట నిలబెట్టారు. “ఎక్కేవాళ్ళకీ దిగేవాళ్ళకీ చెయ్యందుతుంది” అన్నారు. దశమి సాయంత్రం కొలువులో ఒక బొమ్మను పడుకోబెట్టి, ఆ ఏటికి పండగ అయిందనిపిస్తారు. ఆ ఇంట్లో అది ఎప్పుడూ శెట్టిగారే. ఈసారి రమాసుందరి గారు ఏమనుకున్నారో, తోవరి కింద చిన్న గుడ్డ పరిచి ఆయన్ని పడుకోబెట్టారు. “పాపం, మెట్లన్నీ తిరిగాడు” అన్నారు.

ఆపరేషన్ బాగా జరిగింది. మొక్కు మాత్రం మిగిలింది. పడకుండా నడిపించమన్నారు, చివరి మెట్టు మీద పడ్డారు. మరి చెల్లించాలా వద్దా? శర్మ గారు సంగతంతా విని, నడిపించినంత మేరా పడలేదు కనుక నడిపించినవాడి బాకీ తీరిందని, మీ బాకీ మీరు చూసుకోవాలని అన్నారు. ఎక్కడికి వెళ్ళాలన్నది మళ్ళీ మొదటికొచ్చింది.

డిసెంబరులో హెలెన్ గారు వచ్చి బొమ్మను తీసుకెళ్ళారు. పండగ రోజు వీళ్ళను పిలిచారు. భానుమూర్తి గారు భార్యతో కలిసి తమ గుమ్మం దాటి ఎదురు గుమ్మంలోకి వెళ్ళారు. గడ్డి పరిచిన పాక ముందు, గొర్రెల పక్కన, తోవరి లాంతరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నువ్వెవరని అక్కడ ఎవరూ అడిగినట్టు లేదు. లాంతరున్నవాడు కావలసి వచ్చింది, నిలబెట్టారు, అంతే. భానుమూర్తి గారు కొత్త కళ్ళతో ఆయన్ని మొదటిసారి సరిగ్గా చూశారు. గడ్డం దగ్గర రంగు కొంచెం పక్కకు పోయింది. రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టారు. క్షేత్రం ఇంత దగ్గర్లో ఉంటుందని ఆయన అనుకోలేదు. ఏడు మంచుకొండలనుకున్నది, నాలుగు అడుగుల వరండా.

హెలెన్ గారు, గుడ్డు వెయ్యలేదని ముందే చెప్పి, కేకు ముక్క పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. భానుమూర్తి గారికి మళ్ళీ ప్రేమ పొంగుకొచ్చింది. ఎదురుగా ఇన్నేళ్ళుగా ఉంటున్న మనిషి. ఒక మంచి మాట అడగాలి.

“హెలెన్ గారూ, అసలు మీదే...” అని మొదలుపెట్టి, గబుక్కున కేకు మొత్తం నోట్లో పెట్టుకున్నారు.

అందుకే, నీలికోట తీస్తున్న అయ్యలారా, చేతులు జోడించి అడుగుతున్నాను. అయిదో భాగంలో ఆయనకు ముసుగు మళ్ళీ వేయండి. ముఖం చూస్తే మేం దారి వినం. పేరు చెబితే ఊరడుగుతాం, ఊరు చెబితే ఇంటిపేరడుగుతాం, అదీ చెబితే ఆయన్ని ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలో మాకు తెలిసిపోతుంది. అప్పుడిక ఆయన వెంట ఎవరు నడుస్తారు? మేం మారేదాకా ముసుగు ఉంచమని అడగడం లేదు. అన్ని భాగాలు మీరు తీయలేరు. మమ్మల్ని మెట్లు దిగనివ్వండి, చాలు.